అనుమానం వస్తే ఎత్తాల్సింది ఫోన్, చెయ్యి కాదు: కాలనీ గస్తీ తమ్ముళ్ల కోసం

ఈ ఎపిసోడ్ రాత్రిపూట కాలనీల్లో గస్తీ తిరిగే తమ్ముళ్ల కోసం. శ్రీరాంపూర్ అయినా, గోదావరిఖని అయినా కోల్‌బెల్ట్‌లో కథ ఒక్కటే. ఇంటాయన నైట్ షిఫ్ట్‌కి బాయికి పోతాడు. క్వార్టర్‌లో ఆడవాళ్లు, పిల్లలే ఉంటారు. పండక్కి ఊరికి పోతే ఇంటికి తాళమే కాపలా. అందుకే ఒక్క దొంగతనం జరిగితే చాలు, పోరగాళ్లు వాట్సాప్ గ్రూప్ పెట్టి టార్చ్‌లు పట్టుకొని బయల్దేరుతారు. మంచి పనే, కాదనను. కానీ చీకట్లో తెలియని మనిషి ఎదురుపడితే ఏం చెయ్యాలె? అది మాత్రం ఎవరూ చెప్పరు.

చెప్పకపోతే ఏమైతదో 2018లో చూసినం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని తెలంగాణ అంతా మెసేజ్‌లు తిరిగినయి. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. జులై 13న పక్కనే ఉన్న బీదర్ జిల్లాలో ఇంకోటి. హైదరాబాద్ నుంచి కారులో పోయిన ఫ్రెండ్స్ దారిలో ఆగి స్కూల్ పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే, కిడ్నాపర్లని పుకారు పుట్టింది. భయపడి కారు ఎక్కి వెళ్లిపోయారు. కారు కంటే ముందు వాట్సాప్ మెసేజ్ ముర్కి ఊరికి చేరింది. అక్కడ రోడ్డుకు అడ్డం పెట్టి ఆపారు. చనిపోయినతను మనలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరే. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. తర్వాత దాదాపు 30 మంది అరెస్టయ్యారు, అందులో గ్రూప్ అడ్మిన్ కూడా ఉన్నాడు.

ఇంకో సంగతి వినండి. అప్పట్లో అందరి ఫోన్లలో తిరిగిన వీడియో గుర్తుందా? బైక్ మీద వచ్చి పిల్లాడిని ఎత్తుకుపోయేది? అది పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన అవగాహన వీడియో. చివర్లో పిల్లాడిని తిరిగి దించేసి, జాగ్రత్తగా ఉండమని బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ ముక్క కట్ చేసి పంపారు.

అదే టైంలో గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపించారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ఆమె పరిధిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. 2023లో ఆమె మన రామగుండం పోలీస్ కమిషనర్‌గా కూడా వచ్చారు. అంటే ముందుగా చెప్పి పెడితే పని జరుగుతది అన్నమాట.

సరే, ఇప్పుడు అసలు పనికి వద్దాం.

ఒకటి. మనిషిని కాదు, చేసే పనిని చూడండి. హిందీ మాట్లాడుతున్నాడు, బట్టలు మాసి ఉన్నాయి, కొత్త ముఖం... ఇవేవీ అనుమానం కాదు. మన ఓపెన్‌కాస్ట్‌లలో కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్లు బీహార్ నుంచి, ఒడిశా నుంచి వస్తారు. వాళ్లకూ షిఫ్ట్‌లు ఉంటాయి, రాత్రి నడిచే పోతారు. తాళం వేసిన క్వార్టర్ల గొళ్లాలు ఒక్కొక్కటీ లాగి చూస్తున్నాడా, బైక్ లాక్‌లు కదిలిస్తున్నాడా, గోడ దూకుతున్నాడా, అది అనుమానం.

రెండు. ఒక్కరే పోవద్దు, ఇద్దరు ముగ్గురు ఉండండి. పది మంది మాత్రం వద్దు. పది మంది చుట్టూ నిలబడితే గస్తీ కాదు, గుంపు. కర్రలు ఇంట్లోనే పెట్టండి. చేతిలో కర్ర ఉంటే కోపం వచ్చినప్పుడు అది ఖాళీగా ఉండదు.

మూడు. దూరం నుంచే పలకరించండి. కనీసం నాలుగైదు అడుగుల దూరం ఉండాలె. టార్చ్ ముఖం మీద కాదు, నేల మీద వెయ్యండి. "అన్నా, ఎవరి ఇల్లు కావాలె?" అంతే. చుట్టమైతే పేరు చెప్తాడు, మీరే ఇల్లు చూపించొచ్చు. దొంగైతే తనను చూశారని అర్థమై పోతాడు. పోయే దారి వదలండి. మూలకు నెడితే పిల్లి కూడా మీద పడుతది. ఆధార్ చూపించమనడం, జేబులు వెతకడం, ఫోన్ గుంజుకోవడం మన పని కాదు.

నాలుగు. 112కి గానీ 100కి గానీ కాల్ చెయ్యండి. "దొంగ దొరికిండు, రండి" అంటే సరిపోదు. ఏ కాలనీ, ఏ లైన్, దగ్గర్లో గుర్తు ఏంది, ఎంతమంది, ఏ రంగు చొక్కా, బండి నంబర్, ఎటు పోతున్నారు, ఇవన్నీ చెప్పండి. మైండ్ సరిగ్గా లేక తిరిగే మనిషో, దెబ్బలు తగిలిన మనిషో అయితే 108. చిన్నపిల్లలు ఒంటరిగా కనిపిస్తే 1098. బాయి దగ్గర కేబుల్, ఇనుము ఎత్తుకుపోయేవాళ్లు కనిపిస్తే అస్సలు ఎదురు పోవద్దు, వాళ్ల చేతుల్లో రాడ్లు ఉండొచ్చు. సింగరేణి సెక్యూరిటీకి, పోలీసులకు చెప్పండి. కేబుల్ పోతే ఇంకోటి వస్తది.

ఐదు. ఫొటో తీస్తే పోలీసులకే పంపండి, గ్రూప్‌లో పెట్టొద్దు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు అర్ధరాత్రి అలర్ట్ మోగితే ముందు లాగ్ చూసేవాళ్లం. సగానికి సగం ఉత్త అలర్టులే. అక్కడ తప్పైతే సర్వర్ మళ్లీ ఆన్ చేస్తాం. మనిషిని మళ్లీ ఆన్ చెయ్యలేం.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహిత, సెక్షన్ 40 ప్రకారం మామూలు మనిషి ఇంకొకరిని పట్టుకోవాలంటే, మన కళ్ల ముందే పోలీసులు నేరుగా అరెస్ట్ చేయగల, బెయిల్ హక్కుగా రాని నేరం జరగాలి. లేదా అతను కోర్టు ప్రకటించిన నేరస్తుడై ఉండాలి. పట్టుకున్నా ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలి. ఊరికే అనుమానంతో గదిలో పెట్టి తాళం వేస్తే కేసు మన మీదే. కులం, భాష, పుట్టిన ఊరు లాంటి కారణంతో ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది కలిసి చంపితే, ఒక్కొక్కరికీ ఉరి లేదా యావజ్జీవం. "నేను ఒక్క దెబ్బే కొట్టిన సార్" అంటే నడవదు.

ఇక అన్నిటికంటే కష్టమైనది. మీరు పోయేసరికే గుంపు కొడుతుంటే? అప్పుడు మీరు కాపాడాల్సింది ఆ మనిషిని. ముందు 112. తర్వాత కాలనీలో మాట చెల్లే పెద్దమనిషిని, యూనియన్ లీడర్‌ని నిద్రలేపి తీసుకురండి. వీలైతే అతన్ని దుకాణంలోకో క్వార్టర్‌లోకో పంపి, గుమ్మం ముందు మీరు నిలబడండి. "పోలీసులు వస్తున్నరు, వాళ్లే తేలుస్తరు" అని అదే మాట పది సార్లు చెప్పండి. అతను నిజంగా దొంగే అయినా సరే. దొంగతనానికి శిక్ష ఎంతో కోర్టు చెప్తది, మనం కాదు.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. గస్తీ తిరిగే వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి స్టేషన్‌లో ఇవ్వండి. రాత్రి తిరిగే బ్లూకోల్ట్స్ వాళ్ల నంబర్ తీసుకోండి. మీ కాలనీ గ్రూప్‌లో ఈ వీడియో పెట్టండి, కాకపోతే ముందు మీరు చివరిదాకా చూసి పెట్టండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.