బొమ్మల స్టాండు చేసి అమ్మిన కథ
(సమాఖ్య మహాజన సభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన పాఠం)

మాట్లాడమంటే మేము ముందు వద్దన్నాము. లాభం వచ్చినవాళ్ళు మాట్లాడితే బాగుంటుంది, మాకు నష్టం కూడా వచ్చింది గదా అన్నాము. అదే చెప్పండి అన్నారు. అందుకే చెప్తున్నాము.

మాది పదిమంది సంఘం, ఏర్పేడు పక్క. మా పని కుట్టు. జాకెట్లు, స్కూలు సంచులు కుట్టేవాళ్ళం. ఒకరోజు తిరుపతి నుంచి ఒక డ్రాయింగ్ టీచరమ్మ వచ్చి, బొమ్మ గీసేటప్పుడు బోర్డు పెట్టుకునే మూడు కాళ్ళ స్టాండుకు సంచి కుట్టమనింది. దాన్ని ఈజిల్ అంటారంట. ఆమె చెన్నైలో కొనిందంట, ఒక కాలు అప్పటికే విరిగి గుడ్డతో కట్టుంది. మేము సంచికి కొలత తీసుకుంటా దాన్ని పదిసార్లు మడిచి విప్పి చూసినాము. ఇందులో ఏముంది, నాలుగు చెక్కలు, నాలుగు బోల్టులే గదా అనుకున్నాము. ఆ మాట ఎంత తప్పో తర్వాత తెలిసింది.

ఈజిల్ అనే మాట డచ్చి వాళ్ళ భాషలో గాడిద అనే మాట నుంచి వచ్చిందని ఆ టీచరమ్మే చెప్పింది. బరువు మోస్తుంది కాబట్టి ఆ పేరు. మా వాళ్ళు ఒకటే నవ్వు. ఇప్పటికీ మా షెడ్డులో దాన్ని గాడిదనే పిలుస్తాము, కొనేవాళ్ళ ముందర తప్ప.

2021లో స్త్రీనిధి కింద 30 వేలు అప్పు తీసుకున్నాము. డ్రిల్లు మిషను, రంపాలు, చెక్క కొన్నాము. కోయడానికి, చిత్రిక పట్టడానికి ఒక ఆచారి అన్నను కూలికి పెట్టుకున్నాము. ఉప్పుకాగితం రుద్దడం, పాలిష్ వేయడం, బోల్టులు బిగించడం, సంచి కుట్టడం మావి. చెక్క మామిడిది తీసుకున్నాము. మన జిల్లాల్లో మామిడికి కరువు లేదు, చవగ్గా దొరికింది. ఆ నవంబరులో తిరుపతిలో, కాళహస్తిలో పడిన వానలు మీకెవరికీ చెప్పనక్కరలేదు, స్వర్ణముఖి ఎట్ల పారిందో అందరం చూసినాము. మా చెక్క షెడ్డులోనే ఉన్నా తేమ లాక్కునింది. చూస్తే బాగానే కనపడింది. అట్లే కోసి, బెజ్జాలు వేసి, 30 స్టాండ్లు చేసినాము. తలా 600కు 22 అమ్మినాము. సంక్రాంతికి మేమంతా కొత్త చీరలు కూడా కొనుక్కున్నాం.

ఏప్రిల్ ఎండలు వచ్చినాక ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలుపెట్టింది. వానకు ఉబ్బిన చెక్క ఎండకు కుంచించుకుపోయింది. బెజ్జాలు వదులైపోయి, బోర్డు పెడితే స్టాండు తాగినోడి మాదిరి ఊగుతుంది. రెండింటి కాళ్ళు వంకర తిరిగినాయి. కొన్నింటి కింద సన్నగా పొడి రాలుతా ఉంది, చూస్తే పురుగు. పచ్చి మామిడి చెక్కకు పురుగు తొందరగా పడుతుందని ఆచారి అన్న అప్పుడు చెప్పినాడు. ముందే చెప్పి ఉండొచ్చు గదా అంటే, మీరు చవక అడిగినారు, నేను చవక తెచ్చినాను అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టలేకపోయినాము.

మొత్తం 13 వెనక్కి వచ్చినాయి. ఆ రాత్రి మా మీటింగు పది దాకా జరిగింది. అమ్మింది అమ్మినాము, ఇప్పుడు మనకేం సంబంధం అని సగంమంది. కంతు కట్టల్లా, ఎవరి ఇంట్లో నుంచి తెస్తారు అని అరుపులు. చివరకు కాళ్ళు మార్చి ఇవ్వాలనే తీర్మానం రాసినాము. ఎందుకంటే కొన్నవాళ్ళలో సగంమంది పిల్లలు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసేవాళ్ళు, ఇంట్లో అడిగి అడిగి 600 తెచ్చుకున్నవాళ్ళు. 13 స్టాండ్లకూ కాళ్ళు మార్చేటప్పటికి 5 వేల దాకా పొదుపులో నుంచి పోయింది. ఒక వదిన సంఘం వదిలేసి పోయింది. ఆమె లెక్క ఆమెకు పైసాతో సహా ఇచ్చేసినాము. ఆమె మీద మాకు కోపం లేదు, ఇంట్లో ఆమె పడిన మాటలు మాకు తెలుసు. ఇప్పుడు మా సంచులు ఆమే కూలికి కుడుతుంది, మా అందరికంటే బాగా కుడుతుంది.

అప్పటి నుంచి కొత్త చెక్క కొనడం మానేసినాము. పాత ఇండ్లు కొట్టేసేచోట టేకు వాసాలు, తలుపు చట్రాలు కొంటాము. నలభై ఏండ్లు ఎండిన టేకు చెక్క ఉబ్బేది, కుంగేది తక్కువ. మేకులు పీకడమే పెద్ద పని, ఒక మేకు మిగిలినా రంపం పళ్ళు పోతాయి. కొంతమంది ఎర్రచందనంతో చేసిస్తారా అని అడుగుతారు. శేషాచలం మన ఎదురుగానే ఉంది గానీ, ఆ చెక్క జోలికి పోతే ఏమవుతుందో మన ఊర్లలో ఎవరికి తెలీదు? ఆ మాట ఎత్తితే చాలు, దండం పెట్టి పంపించేస్తాము.

ఇంకో సంగతి. మన కాళహస్తి కలంకారీ వాళ్ళు మన పక్కనే ఉన్నారు. వాళ్ళకు అమ్మితే చాలు అనుకున్నాము. 1957లోనే అక్కడ ట్రైనింగు సెంటరు పెట్టినారు, 2005లో జీఐ గుర్తింపు వచ్చింది, ఇంటింటా ఆడవాళ్ళు ఆ పని చేస్తారు. స్టాండు ఎత్తుకొని పోతే, ఒక పెద్దమ్మ చూసి, గుడ్డను ఇట్ల నిలబెడితే నా కసిమి కిందికి కారిపోదా తల్లీ అనింది. నిజమే. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన నల్ల రసం అది. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కితే దిగుతుంది. నిలువుగా పెడితే గీత నిలబడదు. వాళ్ళు కింద కూర్చొని, గుడ్డ చదరంగా పరుచుకొని గీస్తారు, పొద్దంతా మెడ వంచే ఉంటారు. మెడనొప్పి లేని మనిషి ఆ వీధిలో మాకు కనపడలేదు.

అప్పుడు మాలో ఒకరికి వాళ్ళ తాత భారతం చదివే వ్యాసపీఠం గుర్తుకొచ్చింది. ఆ మడత చూసి పొట్టి స్టాండు చేసినాము. మూడు గాట్లు పెట్టినాము, బాగా కొంచెం వాలు, ఇంకొంచెం, ఇంకొంచెం. మొదటి గాటులో కసిమి కారదు, మెడ నాలుగు వేళ్ళు పైకి లేస్తుంది. పెద్దమ్మ వారం రోజులు పెట్టుకొని చూసి, మూల పదును చీర చించుతుంది, గుండ్రంగా చెయ్యండి అనింది. చేసినాము. పొట్టిది 550.

పెద్ద స్టాండు ధర గురించి చెప్పాలి, ఇది అందరికీ పనికొస్తుంది. చెక్క 260, బోల్టులు రెక్కల నట్లు 75, ఆచారి కూలి 150, సంచి గుడ్డ, జిప్పు 65, పాలిష్ 30. మొత్తం 580. మేము 600కు అమ్మి 20 లాభం అని పుస్తకంలో రాసుకున్నాము. ఆడిటుకు వచ్చిన అమ్మాయి, మీ కూలి ఎక్కడక్కా అని అడిగింది. ఒక్కో స్టాండుకు మాది సగం రోజు పని. అది మేము పనే అనుకోలేదు! ఆచారి అన్న కూలి మొదటి రోజు నుంచి రాసినాము, మాది రాయనేలేదు. ఇప్పుడు మా కూలి 150 వేసుకొని 730, అమ్మకం 850. కొనేవాళ్ళు బేరమాడతారు. 800కు దిగుతాము, కిందికి దిగము.

అంగళ్ళలో అరువుకు పెట్టొద్దండి. తిరుపతిలో ఒక అంగడికి ఐదు ఇచ్చినాము, అమ్మినాక ఇస్తామన్నారు. ఎనిమిది నెలలు తిరిగినాము, బస్సు చార్జీలకే సరిపోయింది. మాకు బాగా పోయేది సరస్ మేళాల్లో, కాలేజీల దగ్గర. టీటీడీ శిల్ప కళాశాల పిల్లలు కొన్ని మంచి మాటలు చెప్పినారు. పల్లెవెలుగు బస్సులో సీటు కింద పట్టాలి అన్నది వాళ్ళ మాటే. అందుకే కాలును రెండు ముక్కలు చేసి ఒకదాంట్లోకి ఒకటి జరిగేట్లు పెట్టినాము. మడిస్తే 28 అంగుళాలు, బరువు రెండున్నర కిలోలు.

అప్పులో ఇంకా నాలుగు కంతులు ఉన్నాయి. ఈ హాలు బయట వేపచెట్టు కింద రెండు పెద్దవి, ఒక పొట్టిది పెట్టినాము. భోజనాలప్పుడు విప్పి, బిగించి చూడండి. రెక్కల నట్టు దగ్గర వేలు ఇరుక్కుంటుందని ఇద్దరు చెప్పినారు, మాకు అలవాటై తెలియడం లేదు. మీ వేలు ఇరుక్కుంటే మొగమాట పడకుండా వచ్చి చెప్పండి.