కైకలూరు నల్లజర్ల పక్కకి ఎలా వెళ్లింది? (గ్లైడర్ కంప్యూటర్, రెండో భాగం)

ముందుగా ఒక సారీ. పోయిన ఎపిసోడ్‌లో నేను చూపించిన రూటు తప్పు. ఫైల్ డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లు దాన్ని డిలీట్ చేసేయండి, కొత్తది కింద పెట్టాను.

కొత్తగా చూసేవాళ్ల కోసం రెండు ముక్కలు. గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం. పైకి లేచే వేడిగాలిలో, అంటే థర్మల్‌లో, సుళ్లు తిరుగుతూ ఎత్తు సంపాదించుకుంటుంది. తర్వాత ఆ ఎత్తుని ఖర్చుపెడుతూ ముందుకి వెళ్తుంది. ఆటపాకలో గూడబాతులు ఎండెక్కాక రెక్క ఆడించకుండా తిరుగుతుంటాయి చూడండి, సేమ్ అదే. పోటీల్లో కొన్ని చోట్లని టర్న్‌పాయింట్లుగా ఇస్తారు. ఒక్కో పాయింట్ చుట్టూ ఇన్ని మీటర్లని ఒక వృత్తం ఉంటుంది. మీ జీపీఎస్ గుర్తు ఆ వృత్తంలో పడితే చాలు, కంప్యూటర్ తర్వాతి పాయింట్‌కి బాణం తిప్పుతుంది. దూరం ఎంత, అక్కడికి చేరేసరికి ఎంత ఎత్తు మిగులుతుంది, ఇవన్నీ చెబుతుంది. ఎక్స్‌సీసోర్ అనే ఉచిత యాప్ ఈ పని మన ఫోన్లోనే చేస్తుంది, అందులో సిమ్యులేటర్ కూడా ఉంది. నేను నిజం గ్లైడర్ ఎప్పుడూ ఎక్కలేదండి, నాదంతా ఆ సిమ్యులేటరే.

నా రూటు ఇది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే దగ్గర మొదలు, ఏలూరు మీదుగా కైకలూరు, మళ్లీ గూడెం. మొత్తం సుమారు 111 కిలోమీటర్లు.

ఎపిసోడ్ పెట్టిన సాయంత్రమే మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. ఆయనకి కైకలూరు పక్కన చేపల చెరువులున్నాయి. "ఏరా అబ్బాయ్, మా ఊరిని నల్లజర్ల దగ్గర మెట్టలో ఎప్పుడు పెట్టారు?" అన్నారు. నేను నవ్వేసి, ఫైల్ తెరిచి చూశాను. నవ్వు ఆగిపోయింది.

జరిగింది ఇది. గూడెం, ఏలూరు అంకెలు నేను డిగ్రీలు, నిమిషాల్లో తీసుకున్నా. కైకలూరు మాత్రం ఫోన్ మ్యాప్ మీద వేలు నొక్కిపట్టి తీసుకున్నా. అది దశాంశంలో వచ్చింది: ఉత్తరం 16.55, తూర్పు 81.21. ఈ కప్ ఫైల్లో రాయాల్సింది నిమిషాలు. 0.55ని 60తో గుణిస్తే 33 నిమిషాలు, అంటే 1633.000 అని రాయాలి. నేను 1655.000 అని రాసేశా. ఉత్తరానికి 22 నిమిషాల తేడా, ఒక్కో నిమిషం 1.85 కిలోమీటర్లు. తూర్పుకి ఇంకో 8 నిమిషాలు కలిపితే ఊరు 40 కిలోమీటర్లకి పైగా జరిగిపోయింది. బీటెక్ చదివి, నాలుగేళ్లు కోడ్ రాసి, యూనిట్లు చూసుకోలేదు. సిగ్గుగానే ఉంది.

మరి యాప్ ఎందుకు అరవలేదు? 16 డిగ్రీల 55 నిమిషాలు అన్నది సరైన అంకెే కదండీ, అక్కడ కైకలూరు లేదని దానికేం తెలుసు. మొత్తం దూరం చూసినా 111 బదులు 105 వచ్చింది, నాకు అనుమానం రాలేదు. 1200 మీటర్ల ఎత్తులో ఏలూరు దాటా, ఎడమవైపు ఉండే ఫైనల్ గ్లైడ్ పట్టీ పచ్చగా ఉంది. అసలు క్లూ బాణం. ఏలూరు నుంచి కైకలూరుకి ఆగ్నేయంగా వెళ్లాలి, బాణం ఈశాన్యం చూపించింది. నేను పుట్టి పెరిగిన ఊరండి ఏలూరు! స్టేషన్‌కి ఏవైపు కొల్లేరో నిద్రలో లేపినా చెప్తా. కానీ ఆ రోజు నా కళ్లు పచ్చ పట్టీ మీదే ఉన్నాయి.

సరే, పాయింట్ సరిచేశాం. ఇప్పుడు ఎత్తు 600కి తగ్గించి చూద్దాం. ఏలూరు నుంచి కైకలూరు 20 కిలోమీటర్లు. 1 మీటరు దిగితే 40 మీటర్లు ముందుకెళ్లే గ్లైడర్ అనుకుందాం. 500 మీటర్లు ఖర్చు, 100 మిగులు, పట్టీ పచ్చన. కానీ గాలి సున్నా అని ఉంది చూశారా? మధ్యాహ్నం సముద్రం నుంచి వచ్చే గాలి ఈ దారిలో ముఖానికే కొడుతుంది. ఎదురుగాలి 30 పెడుతున్నా. గ్లైడర్ వేగం 90 అయితే నేల మీద మిగిలేది 60. ఇప్పుడు 20 కిలోమీటర్లకి 750 మీటర్లు కావాలి. చూడండి, 150 మైనస్, పట్టీ ఎర్రగా అయింది.

మైనస్ వస్తే మధ్యలో దిగాలి. ఎక్కడ దిగుతారు? కింద కొల్లేరు, చుట్టూ చెరువులు, గట్లు. 2006లో చాలా చెరువులు కొట్టేసినా ఆ దారిలో ఇప్పటికీ నీళ్లే ఎక్కువ. నీళ్ల మీద, తడి చేల మీద థర్మల్స్ కూడా బలంగా ఉండవు. ద్వారకా తిరుమల వైపు ఎర్రనేల అయితే బాగా వేడెక్కుతుంది. యాప్ గీసే సరళరేఖకి ఇదేమీ తెలీదు. కాబట్టి నేనైతే ఏలూరు రాకముందే, ఉత్తరంగా మెట్ట వైపు జరిగి ఎత్తు తీసుకుని, అప్పుడు చెరువుల మీదకి వెళ్తా. దూరం పెరుగుతుంది, పెరగనివ్వండి.

కొత్త ఫైల్ స్క్రీన్‌షాట్ తీసి ఆయనకి పంపించా. కళ్లజోడు పెట్టుకుని చూశారట. "ఆయ్, ఇప్పుడు సరిగ్గా మా చెరువులోనే పడిందిరా" అన్నారు.