సుస్థిరతా శాస్త్రము: ఉన్నతవిద్య ఎట్లుండవలెను?



పట్టభద్రులైన మన బిడ్డలు పిమ్మట ఏమి చదువవలెనని ఇంటింటను యోచన సాగుచున్నది. సుస్థిరతా శాస్త్రమను క్రొత్త చదువును గూర్చి మాకు తోచినది విన్నవింతుము.

రాబోవు తరముల అవసరములకు భంగము రాకుండ నేటి అవసరములు తీర్చుకొనవలెనని 1987లో బ్రంట్‌లాండ్ సంఘము ప్రబోధించెను. 2001లో రాబర్ట్ కేట్స్ ప్రభృతులు 'సైన్స్' పత్రికలో ఈ శాస్త్రమునకు రూపరేఖలు దిద్దిరి. 2006లో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయము దీనికై ప్రత్యేక విద్యాలయమునే నెలకొల్పెను.

ఇది ఒక శాఖకు లొంగు విద్య కాదు. చెన్నపురినే చూడుడు. 2015 డిసెంబరులో నగరము నీట మునిగెను. 2019 వేసవిలో పూండి, చోళవరము, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కము జలాశయములు అడుగంటెను. వానతీరు వాతావరణ శాస్త్రజ్ఞుడు చెప్పును. పళ్లికరణై చిత్తడినేల కుదించుకుపోయిన తీరు నగర నిర్మాణము నెరిగినవాడు చెప్పును. కండలేరునుండి పూండికి వచ్చు కృష్ణాజలము 1983 నాటి ఒప్పందముపై ఆధారపడినది. అది న్యాయవేత్త సంగతి. నీటిలారీకై బిందెతో వేచియుండు ఇల్లాలి కష్టమో, ఆమెనే అడిగి తెలిసికొనవలెను. ఈ ముక్కలన్నియు కూర్చువాడే మనకు కావలసినవాడు.

అట్టివానికి కావలసిన నేర్పులు ఐదని 2011లో అరిజోనా పండితులు పేర్కొనిరి: వ్యవస్థను సమగ్రముగా చూచుట, భవిష్యత్తును ఊహించుట, విలువలను తూచుట, ఉపాయమును రచించుట, పదిమందితో కలసి పనిచేయుట.

అన్నిటిని తడవి ఏ ఒక్కటియు నేర్వనివాడు తయారగునేమోయను శంక సహేతుకమే. కావున ప్రతి విద్యార్థియు జలశాస్త్రమో, అర్థశాస్త్రమో, న్యాయశాస్త్రమో ఒకదానిని లోతుగా అభ్యసింపవలెను. తక్కినవానిని తోటివారివలన గ్రహింపవలెను. భిన్నశాఖలవారు నలుగురైదుగురు కూడి, ఒక చెరువునో ఒక పేటనో ఎన్నుకొని, ఏడాది పొడవున వానలోను ఎండలోను పరిశీలింపవలెను. తాము కనుగొన్నది పరీక్షకులకే గాక, ఆ పేటవారికి వారి భాషలో చెప్పి, వారి ఆక్షేపణలకు బదులీయగలిగిననే పట్టమీయవలెను. ఈ నియమము లేనిచో ఎన్ని గ్రంథములు చదివినను ఆ విద్య గది గడప దాటదు.

ఇచట మన బిడ్డలకొక కలిమి కలదు. తెలుగుగంగ ఒక కొస తెలుగుసీమలో, మరియొక కొస తమిళసీమలో నున్నది. మీది రైతు మాటను, దిగువ పురవాసి మాటను దుబాసీ లేకయే వినగలవారు మన యిండ్లలో నున్నారు. ఇంట తెలుగు నిలుపుకొని, వీధిలోని తమిళమును శ్రద్ధగా నేర్చిన బిడ్డ ఈ శాస్త్రమున సగము దూరము నడచినట్లే. అట్టివారిని ఈ మార్గమున ప్రోత్సహింపుడని మా మనవి.