పాడెల్ ఆటలో పదోన్నతులు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద ఇంతసేపు గంభీరంగా చర్చించుకున్నాక ఒక ఆట గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. భోజనాలకు ముందు మాట్లాడేవాడికి వ్యవధి తక్కువ, శత్రువులు ఎక్కువ. అందుచేత సూటిగానే మనవి చేస్తాను.

ఆ ఆట పేరు పాడెల్. ఆహ్వాన పత్రంలో ఈ పేరు చూసి మన మిత్రులొకరు "ఈ వయసులో పాడె మాట ఎత్తుతావేమిటయ్యా" అని ఫోనులో కోప్పడ్డారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 1969లో మెక్సికో దేశంలోని అకపుల్కోలో ఎన్రికే కోర్కుయెరా అనే ఆయన తన ఇంట్లో ఉన్న కాస్త స్థలానికి గోడలు కట్టించి, ఆ గోడలను కూడా ఆటలో భాగం చేశాడు. 1974లో ఆయన స్నేహితుడొకాయన దీన్ని స్పెయిన్‌లోని మార్బెల్లాకు తీసుకుపోయాడు. అక్కడి నుంచి స్పెయిన్ అంతటా, అటు అర్జెంటీనాలో ఇంటింటి ఆటగా పాకింది. 1991లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. మన హైదరాబాదులోనూ ఈ మధ్య కోర్టులు వెలిశాయి. నాకు మాత్రం పరిచయమైంది దుబాయిలో, మా అమ్మాయి ఇంట్లో రెండు చలికాలాలు గడిపినప్పుడు.

కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. వెనుక గాజు గోడ, పక్కల కొంత గాజు, కొంత ఇనుప జాలి. నడుమ వల మధ్యలో 88 సెంటీమీటర్లే ఉంటుంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. బ్యాటుకు నరాలు ఉండవు, గట్టి పలకకు చిల్లులుంటాయి. బంతి టెన్నిస్ బంతి లాంటిదే, గాలి కాస్త తక్కువ. లెక్క కూడా టెన్నిస్ లెక్కే. సర్వీసు చేసేటప్పుడు బంతిని ఒకసారి నేలకు కొట్టి, నడుము ఎత్తు దాటకుండా ఎదుటివైపు ఐమూలగా వెయ్యాలి. భుజం పైకెత్తి బాదే పని లేదు. భుజం పట్టేసిన నా వంటి వాళ్లకు ఈ ఒక్క నిబంధన చాలు, ఆట మీద ప్రీతి కలగడానికి. ఎదుటివారు కొట్టిన బంతి మన నేల మీద ఒకసారి పడి, గోడకు తగిలి తిరిగి వచ్చినా, అది రెండోసారి నేలను తాకేలోగా మనం కొట్టవచ్చు. ఆట ప్రాణమంతా ఇందులోనే ఉంది.

ఇక మెట్ల సంగతి. చాలా చోట్ల వాడే పద్ధతిలో 0 నుంచి 7 వరకు స్థాయిలుంటాయి, నడుమ అరలు, పావులు కూడా. అర్జెంటీనాలో తల్లకిందులు: ఎనిమిదో తరగతిలో చేరి ఒకటో తరగతికి ఎక్కాలి. నేను ఎల్.డి.సి.గా చేరి సీనియర్ అసిస్టెంటుగా 2009లో రిటైరైన వాణ్ణి. ముప్పై ఆరేళ్లలో ఎక్కింది ఒకటే మెట్టు. కాబట్టి ఏడు మెట్లున్నాయనగానే నాకు ఆశ పుట్టిందంటే మీరు అర్థం చేసుకోగలరు.

మొదటి మెట్టులో బ్యాటును సుత్తి పట్టినట్టు పట్టడం, సర్వీసు గడిలో వెయ్యడం, నాలుగైదుసార్లు బంతిని వల దాటించడం. బాల్ బ్యాడ్మింటన్ ఆడిన వాళ్లకు ఇది పెద్ద పని కాదు. మన తరంలో ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బుల్లో సాయంత్రం అయిదు దాటాక పచ్చ ఉన్ని బంతితో ఆడని వాళ్లెవరు? ఆ ఆటలో మన తెలుగువాడు జమ్మలమడక పిచ్చయ్య గారికి 1970లో అర్జున అవార్డు వచ్చింది. వరంగల్లులో నూరేళ్లు దాటి జీవించి 2021 డిసెంబరులో కన్నుమూశారు. ఆ ఆట చేతికి చురుకుదనం ఇచ్చింది, కాదనను. కానీ రెండో మెట్టుకు ఆ చురుకుదనమే అడ్డు.

ఎందుకంటే బాల్ బ్యాడ్మింటన్‌లో బంతి నేలను తాకితే పోయినట్టే. గాలిలో ఉండగానే అందుకోవాలి. ఇక్కడ బంతి మనల్ని దాటి వెనక్కి పోతుంటే పోనివ్వాలి. పక్కకు తిరిగి, బంతితో పాటు వెనక్కి నడిచి, అది గాజుకు తగిలి ముందుకు వచ్చి, కిందికి దిగుతున్నప్పుడు మెల్లగా ఎత్తాలి. నలభై ఏళ్ల అలవాటు చేతిని ముందుకు లాగుతుంది, బుద్ధి ఆగమంటుంది. నాకు నేర్పిన అర్జెంటీనా కుర్రాడికి తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు. అయినా "ఎస్పెరా, ఎస్పెరా" అని అరుస్తుండేవాడు. ఆగు, ఆగు అని అర్థం. ఆరు వారాలు పట్టింది నాకా ఒక్క మాట ఒంటికి పట్టడానికి. పాతిక ముప్పై ఏళ్ల కుర్రవాళ్లు గోడ దాకా పోనివ్వకుండా బాదేసి వలలో వేస్తుంటారు. వాళ్లకన్నా మనం త్వరగా నేర్చుకునే పాఠం ఇదొక్కటే అనుకుంటాను. ఫైలు కదిలేదాకా ఆగడం మనకు సర్వీసులోనే అలవాటైంది కదా!

మూడో మెట్టు నుంచి ఆట చేతిలోంచి కాళ్లలోకి, అక్కడి నుంచి బుర్రలోకి పోతుంది. పాయింట్లు ఎక్కువగా వల దగ్గర ఉన్న జంటకే వస్తాయి. వెనుక ఉన్నవారు ముందుకు రావాలంటే ఎదుటివారి తలల మీదుగా ఎత్తుగా వేసి వాళ్లను వెనక్కి పంపాలి. దాన్ని స్పానిష్‌లో గ్లోబో అంటారు, అంటే బుడగ. పైకి చూస్తే పిరికి దెబ్బలా ఉంటుంది. నిజానికి అంతకంటే తెలివైన దెబ్బ లేదు. రెండోది చికీతా, అంటే చిట్టిది: వల దగ్గరున్న వారి కాళ్ల ముందు పడేలా మెత్తగా వెయ్యడం. ఈ రెండూ వచ్చి, జోడీతో కలిసి ముందుకూ వెనక్కూ కదలడం వస్తే మూడు దాటినట్టే. ఇద్దరి నడుములకూ ఒకే తాడు కట్టినట్టు కదలాలని చెబుతారు. ఒకరు ముందు, ఒకరు వెనుక నిలబడితే నడుమ ఉన్న సందులోంచి ఆట అంతా జారిపోతుంది.

నాలుగు, అయిదు మెట్లలో పేర్లు ఇంకా రుచిగా ఉంటాయి. బండేహా అంటే పళ్లెం. తల మీదికి వచ్చిన బుడగను, హోటలు సర్వరు పళ్లెం మోసినట్టు చేతిని ఎత్తి పట్టి కోసినట్టు కొట్టడం. గెలవడానికి కాదు, వల దగ్గర చోటు పోకుండా నిలుపుకోవడానికి. వీబొరా అంటే రక్తపింజరి. అదే చోట పక్కకు సుడి పెట్టి కొడితే గాజుకు తగిలి పాములా పక్కకు జారుతుంది. ఆపైన స్మాష్‌తో బంతిని గోడ దాటించి బయటికి పంపడాలు, అవి మన కీళ్లకు సంబంధించిన విషయాలు కావు.

ఇందులో దిగడం కూడా ఉంది. ఓడితే అంకె తగ్గుతుంది. మెమో లేదు, ఛార్జిషీటు లేదు, రివర్షనే! నాది 2.5 దాకా పోయి 2.25కు దిగి, మళ్లీ 2.5కు చేరింది. కొందరు పెద్దలు అంకె తగ్గుతుందని బలహీనులతోనే ఆడతారు. నా ఉద్దేశంలో అంతకన్నా ఇంట్లో కూర్చుని టీవీ చూడటం నయం.

ఫెర్నాండో బెలాస్టెగిన్ అని అర్జెంటీనా ఆటగాడు, వరుసగా పదహారేళ్లు ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నాడు. 2024లో 45వ ఏట విరమించాడు. ఆయన ఆట వీడియోల్లో చూశాను. పెద్ద బలంగా కొట్టినట్టే కనబడడు. ఎదుటివాడికి నచ్చని చోట బంతి వేస్తూ కూర్చుంటాడు. అరవై, డెబ్బై దాటాక కూడా స్థాయి పెంచుకునే వీలున్నది ఇలాంటి చోటే. పరుగు తగ్గుతుంది, చూపు తగ్గుతుంది, ఎక్కడ నిలబడాలన్న తెలివి మాత్రం పెరగవచ్చు.

ఇప్పుడు అసలు మాట. మన సభ్యుల్లో ఒకాయన, పేరు చెప్పను, ఒకప్పుడు జిల్లా స్థాయిలో బాల్ బ్యాడ్మింటన్ ఆడినాయన. బాత్‌రూములో జారి పడ్డాక ఏడాదిగా గేటు దాటడం లేదు. ఎముక అతికింది, డాక్టరు నడవమన్నారు. భయం మాత్రం అతకలేదు. ఆయన ఇంటికి వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను, మనిషి కుర్చీ అంత అయిపోతున్నాడు. మనలో ఎందరం ఆ దారిన ఉన్నామో మీకే తెలుసు. పడకుండా ఉండటానికి కదలకుండా కూర్చుంటే కాళ్లలో బలం పోయి మరింత త్వరగా పడతాం.

అలాగని ఈ ఆట ప్రమాదం లేనిదని నేను చెప్పను. ఒక్కసారిగా ఉరికి ఆగడంలో పిక్కలు పట్టేస్తాయి, మడమ మెలిపడుతుంది, మోచేతి నొప్పి వస్తుంది. వెనక్కి పరుగెత్తకూడదు, తిరిగి నడవాలి. ఎత్తు బంతి అందకపోతే "నీదే" అని జోడీకి వదిలెయ్యాలి. గుండె జబ్బు, బి.పి. ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా బ్యాటు పట్టవద్దు.

పాడెల్ కోర్టు కట్టించమని నేను అడగడం లేదు. గాజు గోడల ఖర్చు మన సంఘం ఖాతాకు అందే మాట కాదు. మన భవనం వెనుక పాత బాల్ బ్యాడ్మింటన్ కోర్టు ఉంది, ఇప్పుడు స్కూటర్లు పెడుతున్నారు. దాని వెనుక ప్రహరీ గోడ ఉంది. మంగళ, శుక్రవారాల్లో పొద్దున్న ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఆ స్కూటర్లను ముందు వైపు పెట్టిస్తే చాలు. గోడకు వేసి, ఆగి, తిరిగి తీసుకోవడం అక్కడే నేర్చుకోవచ్చు. కుదురుకున్నాక నెలకొకసారి నలుగురం కలిసి నగరంలోని కోర్టుకు పోవచ్చు, అద్దె నలుగురి మీదా పడుతుంది.

రావాలనుకున్న వారు కోశాధికారి గారి దగ్గర పేరు రాయించండి. డాక్టరు చీటీ, జారని బూట్లు తెచ్చుకోండి, బ్యాట్లు రెండు నా దగ్గరున్నాయి. నేను చెప్పిన ఆ మిత్రుణ్ణి తీసుకురావడం నా వంతు, ముందు కుర్చీలో కూర్చుని లెక్క చెబుతాడు. ఆడవాళ్లు కూడా రావాలి. జాబితాలో మొదటి పేరు మా ఇంటావిడదే. నాతో జోడీ కట్టనని ముందే చెప్పేసింది కనుక, నాకొక జోడీ కావాలి. భోజనాల దగ్గర కలవండి.