వైఫై పెట్టె ఎక్కడ పెట్టాలి?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మన సంఘం చదువుల గదిలో వైఫై పెట్టించాలని కార్యవర్గం తీర్మానించింది. దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. తీగలు లాగడం, పెట్టెలు బిగించడం నా వృత్తి. కాబట్టి పనివాడి భాషలోనే చెబుతాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాను. ఇంటర్నెట్టు మన వాకిట్లోకి వచ్చి చాలా కాలమైంది. 2017 డిసెంబరు 27వ తేదీన అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. వూరూరా నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే గాజు తీగ లాగడం ఆ పథకంలోని విశేషం. ఆనాడు నెలకు 149 రూపాయల నుంచి కనెక్షన్లు ఇచ్చారు. ప్రైవేటు కంపెనీల తీగలూ వచ్చాయి. 2020లో బడులు మూతబడి పాఠాలు ఫోన్లలో చెప్పడం మొదలైనాక, ఆ తీగ అవసరం ఏమిటో ప్రతి తల్లికీ తండ్రికీ తెలిసివచ్చింది. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి ఎండలో కూర్చున్న పిల్లల్ని మనమందరం చూసినవాళ్లమే.

ఈనాడు స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఇంజనీరింగ్ కౌన్సెలింగులో కాలేజీల ఎంపిక, పరీక్ష హాల్ టికెట్, ఉద్యోగ ప్రకటన, చివరకు హజ్ దరఖాస్తు కూడా నెట్‌లోనే. ఆఖరి తేదీ రాత్రి పది గంటలకు చక్రం తిరుగుతూ ఆగిపోతే ఒక పిల్ల చదువు ఒక ఏడాది వెనక్కి పోవచ్చు. అందుచేత ఇది సరదా సంగతి కాదు.

అయితే తీగ గడప దాకా రావడం వేరు, చదువుకునే పిల్ల దగ్గరికి రావడం వేరు. నేను పనికి పోయిన ఇళ్లలో ఎక్కువ చోట్ల ఒకటే వరస చూశాను. పెట్టె ముందు గదిలో, టీవీ పక్కన వుంటుంది. ఎందుకంటే తీగ ఆ కిటికీలో నుంచి వచ్చింది, బిగించడానికి వచ్చినవాడికి ఇంకా ఐదిళ్లు తిరగవలసి వుంది. ముందు గదిలో మగవాళ్లు కూర్చుంటారు, చుట్టాలు కూర్చుంటారు. చదువుకునే ఆడపిల్ల మాత్రం వెనక గదిలోనో, వంటింటి పక్కనో పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. సిగ్నల్ అక్కడికి పోదు. "ఏం భాయ్, నెలనెలా డబ్బు కడుతున్నాం, ఇంకా పెద్ద ప్లాను వెయ్యమంటావా?" అని అడుగుతారు. "అక్కా, ప్లాను చాలు. పెట్టె జరపాల" అంటాను నేను. ఆ పెట్టె ఎక్కడ పెడతామన్నది, ఇంట్లో ఎవరికి చదువు అందుతుందన్న ప్రశ్నే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఇక అసలు పెట్టె సంగతి. మన సభలకు తెచ్చే మైకు సెట్టును చూడండి. యాంప్లిఫయర్ వేరు, హారన్ వేరు. యాంప్లిఫయర్ ఒక మూల వున్నా, తీగ లాగి హారన్‌ను జనం వున్న చోట కడతారు. ఇక్కడా అంతే. గాజు తీగలో వెలుగుగా వచ్చే సంకేతాన్ని కరెంటు సంకేతంగా మార్చే పని ఒకటి. దాన్ని ఇంట్లోని ఫోన్లకూ కంప్యూటర్లకూ పంచిపెట్టే రౌటర్ పని రెండవది. గాలిలోకి రేడియో తరంగాలుగా వదిలే పని మూడవది. ఈ మూడవ పని చేసేదే యాక్సెస్ పాయింటు. కంపెనీవారు ఇచ్చే పెట్టెలో సాధారణంగా మూడూ కలిసే వుంటాయి. చిన్న ఇంటికి అది చాలు. పెద్ద ఇంటికీ, మన చదువుల గది వంటి చోటికీ హారన్‌ను విడిగా, జనం మధ్య కట్టాలి.

హారన్‌కూ దీనికీ ఒక్క తేడా వుంది. హారన్ చెబుతుంది, వినదు. యాక్సెస్ పాయింటు చెప్పాలి, వినాలి కూడా. దాని గొంతు ఎంత పెద్దదైనా, ఫోను గొంతు చిన్నది. వెనక గదిలోని ఫోను మాట దీనికి వినబడకపోతే, ఫోనులో గీతలు నిండుగా కనబడినా పని జరగదు. "నాలుగు యాంటెన్నాలున్న పెట్టె కొన్నాను, అయినా రాలేదు" అనేవారికి ఇదే జవాబు. దూరం తగ్గించడమే మందు.

మన ప్రాంతపు ఇళ్లకు ఇంకొక చిక్కు వుంది. మనది రాతి సీమ. ఆళ్లగడ్డ శిల్పులకు రాయి అన్నం పెడుతుంది, బేతంచెర్ల బండ మన నేలల మీద పరచుకుంది. పాత మిద్దెల గోడలు మూరెడు మందం రాతివి. ఎండాకాలంలో చల్లగా వుంచే ఆ గోడే వైఫైకి అడ్డు. కొత్త ఇళ్లలో ఇనుప చువ్వలున్న స్లాబు అడ్డు. ఇనుప బీరువా, నీళ్ల ట్యాంకు, వెనక వెండిపూత వున్న పెద్ద అద్దం, ఇవన్నీ తరంగాలను మింగేవో, తిప్పికొట్టేవో. అందుచేత పెట్టెను బీరువా మీదా, టీవీ వెనకా, గూట్లోనూ దాచకండి. వాకిళ్లు ఎదురెదురుగా వుండే నడవలో, ఎత్తున పెడితే వాకిళ్ల గుండా తరంగాలు గదుల్లోకి పోతాయి. రేకుల కప్పు కింద మాత్రం వద్దు. మన మే నెల ఎండకు పెట్టె కాగి ఆగిపోతుంది.

తరంగాలు ముఖ్యంగా రెండు రకాలు. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, గోడల్ని కొంత దాటుతుంది, కాని వేగం తక్కువ, ఇరుగుపొరుగు రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ దాటే శక్తి తక్కువ. మన దేశంలో 2.4 తరంగాలను లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని 2005లో ప్రభుత్వం అనుమతించింది. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చాలా భాగానికి ఆరుబయట కూడా ఆ సౌకర్యం విస్తరించింది. అందరికీ హక్కున్న దారి కాబట్టే రద్దీ కూడా.

ఇప్పుడు మన చదువుల గదిలో పని ఎట్లా జరగాలో వరసగా చెబుతాను. ఇంట్లో చేయించుకునేవారికీ ఇది పనికివస్తుంది.

మొదట తీగ. రౌటర్ నుంచి యాక్సెస్ పాయింటు దాకా క్యాట్ సిక్స్ తీగ లాగాలి. లోపల ఎనిమిది పోగులుంటాయి. అవి నిఖార్సైన రాగివా, రాగి పూత పూసిన అల్యూమినియంవా అని అంగట్లో అడగండి. రెండోది చవక, కాని మన్నదు. ఒక తీగ 100 మీటర్లు దాటకూడదు. కరెంటు తీగలున్న పైపులోనే దీన్నీ దూర్చవద్దు. ఆరుబయట మిద్దె మీదుగా లాగితే పిడుగుల కాలంలో పెట్టెలు కాలిపోయే ప్రమాదం వుంది, ఎర్తింగ్ చూసుకోవాలి. గాజు తీగను మాత్రం మడిచి మేకుకు చుట్టకండి. మలుపు బిగుతైతే వెలుగు పక్కకు జారిపోతుంది.

రెండవది కరెంటు. చాలా యాక్సెస్ పాయింట్లకు అదే తీగలో కరెంటు కూడా పంపవచ్చు. కప్పు మధ్యలో ప్లగ్గు పెట్టే పని తప్పుతుంది. అయితే 48 వోల్టుల పద్ధతి వేరు, 24 వోల్టుల పద్ధతి వేరు. పెట్టెతో పాటు వచ్చిన అడాప్టరే వాడాలి, చేతికందినది తగిలిస్తే పెట్టె పోతుంది. కరెంటు పోయినప్పుడు ఒక్క యాక్సెస్ పాయింటుకు బ్యాటరీ వుంటే చాలదు, గాజు తీగ పెట్టెకూ వుండాలి. రెండూ ఇన్వర్టర్ మీద వేయించండి.

మూడవది లోపలి అమరిక. ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి, పెట్టె అడుగున ముద్రించిన చిరునామా, అంటే 192.168.1.1 వంటిది, బ్రౌజరులో కొడితే అమరిక పుట తెరుచుకుంటుంది. లోపలికి పోగానే మొదట చేయవలసింది, కంపెనీవారు పెట్టిన తాళపు మాటను మార్చడం. ఫ్యాక్టరీ తాళం లోకమంతా తెలిసిన తాళం. తర్వాత దేశం ఇండియా అని ఎంచుకోవాలి. భద్రతకు డబ్ల్యు.పి.ఎ.3, లేదా కనీసం డబ్ల్యు.పి.ఎ.2 వుండాలి. 2.4 తరంగాలలో 1, 6, 11 అనే మూడు ఛానళ్లు ఒకదానికొకటి అడ్డురావు. పక్కింటివారు ఏది వాడుతున్నారో చూసి మిగిలింది తీసుకోవాలి. ఇంట్లో రెండు యాక్సెస్ పాయింట్లుంటే రెంటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు, వేర్వేరు ఛానళ్లు పెట్టాలి. నంబర్లు పంచే పని రౌటర్ ఒక్కటే చేయాలి, రెండో పెట్టెలో ఆ పనిని ఆపివేయాలి. ఒక కొట్టుకు ఇద్దరు గుమాస్తాలు చెరొక లెక్క రాసినట్టు, రెండూ పంచితే అంతా గందరగోళం.

నాలుగవది పాస్‌వర్డు. సంఘం పేరు, వూరి పేరు, పిల్ల పుట్టిన తేదీ, ఒకటి నుంచి ఎనిమిది అంకెలు, ఇవి వద్దు. సంబంధం లేని మూడు నాలుగు మాటలు కలిపితే గట్టిదీ అవుతుంది, గుర్తూ వుంటుంది. సంఘం లెక్కల కంప్యూటరును ఒక నెట్‌వర్కులో, పిల్లలనూ అతిథులనూ వేరే గెస్ట్ నెట్‌వర్కులో వుంచాలి. గెస్ట్ పాస్‌వర్డు అప్పుడప్పుడూ మార్చాలి. ఎవరు ఏ తప్పు పని చేసినా, పోలీసులు ముందు అడిగేది కనెక్షన్ ఎవరి పేరున వుందో వారినే. సంఘం పేరు మీద మచ్చ రాకూడదు కదా!

"చుట్టుపక్కల ఇళ్లకు కూడా ఇచ్చి తలా ఇంత వసూలు చేద్దాం" అని కొందరు సోదరులు అన్నారు. ఉద్దేశం మంచిదే. కాని ఇంటి కనెక్షన్‌ను సొంతంగా అమ్మడానికి వీల్లేదు. దానికి సక్రమమైన దారి వుంది. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పి.ఎం. వాణి అనే పథకాన్ని ఆమోదించింది. దాని ప్రకారం కిరాణా కొట్టువాడు కూడా లైసెన్సు రుసుము లేకుండా పబ్లిక్ డేటా ఆఫీసుగా ఏర్పడి వైఫై ఇవ్వవచ్చు. కార్యవర్గం ఆ దారిని ఆలోచించాలని మనవి.

ఆఖరుది పరీక్ష. పనివాడు పెట్టె కింద నిలబడి ఫోను చూపించి, "చూడండి, ఎంత స్పీడో!" అంటాడు. దానికి తల వూపి డబ్బు ఇవ్వకండి. ముందు తీగతో రౌటర్ దగ్గర వేగం కొలవండి. తర్వాత చివరి బెంచీ మీద, తలుపు వేసి, ఫోనుతో కొలవండి. సిగ్నల్ చూపే యాప్‌లో మైనస్ 65 దరిదాపుల్లో వుంటే మేలు, మైనస్ 80కి పోతే కష్టం. మైనస్ కాబట్టి అంకె చిన్నదైతేనే మంచిదని గుర్తుంచుకోండి. తీగలో వేగం వుండి గాలిలో లేకపోతే తప్పు మన అమరికది. తీగలోనే లేకపోతే తప్పు కనెక్షన్‌ది. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే అనవసరంగా పెద్ద ప్లాను కొనే ఖర్చు తప్పుతుంది.

కార్యవర్గానికి నా విన్నపం రెండు మాటలు. గదిలో ఆడపిల్లలకంటూ వేళలు కేటాయించండి. దరఖాస్తుల ఆఖరి తేదీలను గోడ మీద రాయించండి. ఇక ఇక్కడున్న తల్లిదండ్రులకు ఒక మాట. ఇవాళ ఇంటికి పోయాక, మీ అమ్మాయి రోజూ ఎక్కడ కూర్చుని చదువుకుంటుందో అక్కడికి మీ ఫోను తీసుకుపోయి ఒక్కసారి చూడండి. అక్కడ రాకపోతే, మీ ఇంట్లో వైఫై పని ఇంకా పూర్తి కాలేదని అర్థం. పదిహేను మీటర్ల తీగ, ఒక పూట పని. అంతకన్నా పెద్ద ఖర్చు కాదు.