పాత ట్రాక్టరు కొనేముందు

పట్నంలో కాపురముండే ఆడవాళ్ళకు ట్రాక్టరు గొడవెందుకని మీలో కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. కానీ మనలో చాలామందికి ఊళ్ళో ఎంతో కొంత పొలమో తోటో ఉంటుంది. దానికోసం గాజులు తాకట్టు పెట్టాల్సి వస్తే అడిగేది మనల్నే గదా! ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు వేస్తే తప్పేముంది?

గూడూరు దగ్గర మా నిమ్మతోటకు చిన్న ట్రాక్టరు కావలసి వచ్చింది. చెట్ల వరుసల మధ్య పెద్ద బండి తిరగదు. పదిహేను, ఇరవై హార్సుపవరుది చాలు. ఒకచోట పాతది అమ్మకానికుందని తెలిసి మా మరిది, "వదినా, నువ్వూ రా" అన్నాడు.

మేం వెళ్ళేసరికే ఇంజను స్టార్టుచేసి ఉంచారు. అక్కడే అనుమానించాలి. వేడెక్కిన ఇంజను తన జబ్బులు దాచుకుంటుంది. అందుకని మర్నాడు పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళాం. చల్లటి ఇంజను మీద చెయ్యివేసి చూసి, అప్పుడు స్టార్టు చెయ్యమన్నాం. మొదట కాస్త పొగ రావడం మామూలే. వేడెక్కాక కూడా నీలంపొగ ఆగకపోతే ఆయిలు మండుతోందన్నమాట. ఇంజను ఆపి, ఆయిలు కొలిచే పుల్ల తీసి చూడండి. ఆయిలు నల్లగా ఉంటే ఫరవాలేదు. మజ్జిగ కలిపినట్టు తెల్లగా ఉంటే అందులో నీళ్ళు చేరినట్టే. ఆ బండి జోలికి పోకండి.

ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరును పూర్తిగా నమ్మలేం. పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి, మీటరు మాత్రం తక్కువ చూపిస్తే ఏమనుకోవాలి? అంచు చూసి చీర వయసు చెప్పగలవాళ్ళం, ఇది మనకొకరు నేర్పాలా! ఆర్.సి.లో ఉన్న ఇంజను నంబరూ, ఛాసిస్ నంబరూ బండిమీద ఉన్నవాటితో సరిచూడండి. బ్యాంకు అప్పు తీరిందని నోటిమాటగా చెబితే చాలదు, ఆర్.సి.లో ఆ నమోదు రద్దయి ఉండాలి.

వెనకచక్రాలకు కుడి, ఎడమ బ్రేకులు విడివిడిగా ఉంటాయి. రోడ్డుమీద వెళ్ళేటప్పుడు ఆ రెండు పెడళ్ళనూ కలిపే కొక్కెం తప్పనిసరిగా వెయ్యాలి. లేకుంటే జోరుమీద ఒక్కటే తొక్కితే బండి పక్కకు లాగి బోర్లాపడుతుంది. మేం చూసినదానికి ఆ కొక్కెం ఉంది.

లేనిది మరొకటి. ట్రాక్టరు వెనకాల రోటవేటరునూ, మందు కొట్టే పంపునూ తిప్పే ఇరుసు ఒకటుంటుంది, పి.టి.ఓ. అంటారు. దాని షాఫ్టుమీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. "అడ్డమని తీసేశామమ్మా" అన్నాడాయన, తేలిగ్గా. ఆ ఇరుసు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. మూడున్నర సెంటీమీటర్ల లావున్న ఇరుసు ఒక్క చుట్టుకు పదకొండు సెంటీమీటర్ల బట్ట లాక్కుంటుంది. లెక్క వేసుకోండి, ఒక్క సెకనులో మీటరు పైట! దానికి తగిలించే షాఫ్టు ఇంకా లావు. అమ్మో అని అరిచేలోపల మనిషి దానిమీద పడుతుంది. మా తోటలో కాయలేరే ఆడవాళ్ళంతా చీరలు కట్టుకునేవాళ్ళే. వాళ్ళకు జడలూ ఉన్నాయి. నేనిక అక్కడ కదల్లేదు. తొడుగు ఖరీదు బేరంలో తగ్గించాకే డబ్బు లెక్కపెట్టాం.

కొన్నాక జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, పైకెత్తిన రోటవేటరును నేలకు దించాకే దగ్గరికి వెళ్ళాలి. వేడిగా ఉండగా రేడియేటరు మూత తియ్యకూడదు. ప్రెషర్ కుక్కరు మూత సంగతి మనకు తెలిసిందే. హైడ్రాలిక్ గొట్టం కారుతోందేమోనని వేలితో తడమకండి. సన్నటి చిల్లులోంచి ఒత్తిడితో వచ్చే నూనె చర్మంలోకి దూరిపోతుంది, ఒక అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. దుమ్ములో పనిచేసిన రోజున గాలి ఫిల్టరు చూసుకోవాలి. ఆయిలు ఎన్ని గంటలకు మార్చాలో బండితో వచ్చే పుస్తకంలో ఉంటుంది, అది అమ్మేవాణ్ణి అడిగి తీసుకోండి. పిల్లలు ముచ్చటపడ్డా మడ్‌గార్డు మీద కూర్చోబెట్టవద్దు.

తొడుగు తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నాళ్ళూ బండి పాకలోనే ఉంది. తోటలో కలుపు పెరిగిపోతోందని మా మరిది సణుగుతూనే ఉన్నాడు గానీ, రోటవేటరు మాత్రం తగిలించలేదు.