చలికాలపు నీరసానికి మందులేని సూది



మార్గశిరం వచ్చిందంటే చాలు, మనలో చాలామంది నోట ఒకటే మాట. "ఏమిటోనండీ, ఒంట్లో ఓపిక లేదు, పక్క మీంచి లేవబుద్ధి కావడం లేదు" అని. పుష్యమాసంలో పూసలు గుచ్చడానికైనా పొద్దు చాలదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మా బడంగ్‌పేట వైపు చెరువులూ, ఖాళీ జాగాలూ ఉండడంవల్ల నగరం నడిబొడ్డు కన్నా చలి ఒక పాలు హెచ్చే. చీకటితో లేచి, చన్నీళ్లలో చేతులు పెట్టి, పిల్లలకూ వారికీ క్యారేజీలు సర్ది పంపేసరికి ప్రాణం ఉసూరుమంటుంది. అలాంటప్పుడు ఎవరైనా "ఆక్యుపంక్చర్ చేయించుకోండి, హుషారు వస్తుంది" అంటే మనసు లాగుతుంది. ఆ వైద్యం ఏమిటో, దానివల్ల మనకు ఎంత మేలో ఇవాళ చెప్పుకుందాం.

సూది అనగానే మనకు సూదిమందే గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఈ సూదిలో మందు ఉండదు, లోపల బోలూ ఉండదు. వెంట్రుక కన్నా కొంచెం లావు, అంతే. చైనావారు వేల ఏళ్లనాడు కనిపెట్టిన పద్ధతి. ఒంట్లో ప్రాణశక్తి కొన్ని దారుల్లో ప్రవహిస్తుందనీ, ఆ దారుల మీద 361 ముఖ్యమైన చోట్లు ఉన్నాయనీ, అక్కడ సూది గుచ్చితే అడ్డు తొలగుతుందనీ వారి నమ్మకం. ఇవాళ్టి డాక్టర్లు మాత్రం ఆ దారులేవీ కనపడలేదంటారు. సూది గుచ్చినప్పుడు నరాలు కదిలి, నొప్పిని తగ్గించే రసాయనాలు ఒంట్లోనే పుడతాయని చెబుతారు.

ఈ వైద్యం మన దేశానికి వచ్చిన కథ కూడా ముచ్చటైనదే. 1938లో చైనా సైనికులకు వైద్యం చేయడానికి మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్లు వెళ్లారు. వారిలో డాక్టర్ కోట్నిస్ అక్కడే 1942లో కన్నుమూశారు. ఆయన కథను శాంతారాం గారు 1946లో సినిమాగా తీశారు. ఆ అయిదుగురిలో మరొకరు డాక్టర్ బి.కె. బసు. ఆయన 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. 2019లో భారత ప్రభుత్వం దీన్ని ఒక ప్రత్యేక వైద్య పద్ధతిగా గుర్తించింది.

నీరసానికి చైనావారు ముఖ్యంగా చెప్పే చోటు కాలి మీద ఉంది. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల మందం దిగువన, ముంగాలి ఎముకకు బయటివైపు ఒక వేలెడు దూరంలో. దాని పేరు జుసాన్లీ. అక్కడ నొక్కితే అలసిన బాటసారి ఇంకొంత దూరం నడవగలడని వారి వాడుక. చలికాలంలో సూదితోపాటు ఒక ఎండు ఆకును ముట్టించి ఆ చోట వెచ్చదనం తగిలిస్తారు కూడా. ఆ ఆకు ఏదనుకున్నారు? వినాయకచవితినాడు ఇరవైయొక్క పత్రిలో మొదట వేసే మాచిపత్రి జాతిదే!

ఇంతకీ నీరసం పోతుందా? మోకాళ్ల నొప్పి, నడుం నొప్పి, తరచూ వచ్చే తలనొప్పి వంటివాటికి కొంత ఉపశమనం ఉంటుందని పరీక్షల్లో తేలింది. అలసట విషయంలో మాత్రం రుజువు అంత గట్టిగా లేదు. ఉత్తుత్తి సూదులు పెట్టినా కొందరు తేలికపడ్డారట. నాకు ఇందులో వింతేమీ కనిపించదు. అక్కడ అరగంటసేపు కదలకుండా పడుకోబెడతారు. ఎవరూ పిలవరు, కుక్కరు కూత వినపడదు. "నీకేం బాధమ్మా" అని ఒకరు కూర్చుని అడుగుతారు. ఇంటెడు చాకిరీ చేసే ఇల్లాలికి ఆ అరగంటే సగం మందు.

అయితే అసలు మాట ఇంకోటుంది. నీరసం జబ్బు కాదు, జబ్బు కొట్టే తలుపు చప్పుడు. చలిదేశాల్లో వెలుతురు తగ్గి మనసు కుంగడం ఉంది. దానికి డాక్టర్లు 1984లో పేరు కూడా పెట్టారు. కాని లండనులో డిసెంబరు పగలు 8 గంటలైనా ఉండకపోతే, మన హైదరాబాదులో 11 గంటలకు తగ్గదు. కనుక మన నీరసానికి నేరమంతా చలి మీద తోసెయ్యకూడదు.

2019-21లో జరిగిన జాతీయ సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే మన వీధిలో సగం మంది అన్నమాట! హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. థైరాయిడ్ మందగించినా ఇంతే. చలికి ఓర్చుకోలేకపోవడం, ఒళ్లు రావడం, జుట్టు రాలడం, మలబద్ధకం, పొద్దస్తమానం నిద్ర. ఇక మధుమేహం, శాకాహారుల్లో బి12 తక్కువ కావడం, మనసులో దిగులు ఉండనే ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ సూది కనిపెట్టలేదు. ఆరు నెలలు సూదులు గుచ్చించుకుంటూ లోపల రక్తం లేదని తెలుసుకోకపోతే పోయేది మన ప్రాణమే కదండీ.

అందుచేత ముందు రక్తపరీక్ష. బస్తీ దవాఖానాల్లో డబ్బు తీసుకోకుండానే చేయిస్తారు. కారణం తెలిసి, దానికి మందు మొదలయ్యాక, తోడుగా సూది పెట్టించుకుంటానంటే కాదనే పని లేదు.

అప్పుడు కూడా కొన్ని జాగ్రత్తలు. చేసేవారు ఎక్కడ చదివారో, ఎన్నాళ్లు నేర్చుకున్నారో మొహమాటం లేకుండా అడగండి. సూది పొట్లం మీ ఎదుటే విప్పాలి, పని కాగానే పారెయ్యాలి. ఒకరికి వాడింది మరొకరికి వాడితే కామెర్ల వంటి రోగాలు అంటుకుంటాయి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారూ, గర్భిణులూ ముందే ఆ మాట చెప్పాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చోటు గర్భిణులకు తగదని ఆ వైద్యంలోనే నియమం. ఛాతీ దగ్గర చేతకానివారు గుచ్చితే ఊపిరితిత్తికే చిల్లు పడవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, "సూది చాలు, థైరాయిడ్ మాత్ర మానెయ్యండి" అని ఎవరన్నా అంటే ఆ గుమ్మం మళ్లీ తొక్కకండి.

సూదంటే భయమైతే ఇందాక చెప్పిన కాలి చోటును బొటనవేలితో రెండు నిమిషాలు నొక్కుకోండి, ఖర్చూ లేదు, ప్రమాదమూ లేదు. భోజనంతోపాటు టీ తాగకండి. ముందు వెనకలు ఒక గంట ఎడం ఉండాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కూడా చెప్పింది. టీ వల్ల తిన్న ఆకుకూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఈ రోజుల్లో ఉసిరికాయ, జామకాయ సరూర్‌నగర్ రైతుబజారులో కుప్పలు. పప్పుతో, తోటకూరతో ఆ పులుపు కాస్త తింటే ఇనుము చక్కగా పడుతుంది. వీలైతే మధ్యాహ్నం వడియాలు ఎండబెట్టే వంకనైనా డాబా మీద కాసేపు ఎండలో కూర్చోండి.

చివరగా ఒక్క మాట. మన ఇళ్లలో మగవారికి నీరసమైతే డాక్టరు దగ్గరికి, ఆడదానికైతే "బద్ధకం" అన్న పేరు. ఆ పేరు మనమే మనకు పెట్టుకోవద్దు. మూడు వారాలు దాటి ఓపిక లేకపోతే, ఈ సంక్రాంతి పిండివంటలకు ముందే వెళ్లి పరీక్ష చేయించుకోండి. అరిసెలు ఒక రోజు ఆలస్యమైనా అరిసెలే.

సెలవు.